పాత లెన్సు కొనేముందు

మనవడు పాత కెమెరా లెన్సు అడుగుతున్నాడు, మోసపోకుండా ఎలా చూడాలని కొందరు నన్ను అడిగారు. అందుకే ఈ నాలుగు మాటలు.

లెన్సును ఎవరో ఒకసారి విప్పి బాగుచేశారంటే అది పనికిరానిదని కాదు. సర్వీసు రిజిస్టరులో దిద్దుబాటు పక్కన అధికారి ఇనీషియల్ ఉంటే మనం ఒప్పుకునేవాళ్ళం. బ్లేడుతో గీకి పైన రాస్తేనే అనుమానం. ఇదీ అంతే. నికాన్ కంపెనీ 1977లో ఎపర్చర్ రింగు పద్ధతి మార్చింది. అంతకుముందు లెన్సులున్నవాళ్ళు చాలామంది ఆ రింగు అంచును అరగదీయించి కొత్త కెమెరాలకు వాడుకున్నారు. ఆ కోత నున్నగా ఉంటే మంచిదే. కోయకుండా బిగిస్తేనే చాలా కెమెరాల్లో చిన్న మీట విరగవచ్చు.

ముందు స్క్రూల తలలు చూడండి. గాడి చెదిరి ఉంటే సరిపడని పనిముట్టుతో తిప్పారన్నమాట. ముందు అద్దం చుట్టూ పేరుండే రింగు మీది గీతలు కూడా అదే చెబుతాయి. తర్వాత వెనుకనుంచి టార్చి వేసి చూడండి. సాలెగూడు పోగుల్లా కనిపిస్తే బూజు పట్టింది. తుడిపించినా ఒక్కోసారి పూత మీద మచ్చ మిగులుతుంది. ఎపర్చర్ రేకుల మీద నూనె మెరుపు ఉండకూడదు.

కెమెరాకు బిగించి మన పెద్ద చెరువు అవతలి గట్టు మీది చెట్టును చూడండి. రింగు చివరిదాకా తిప్పినా స్పష్టం కాకపోతే, మళ్ళీ బిగించేటప్పుడు మర తప్పి ఉండవచ్చు. అడాప్టరు వాడుతుంటే దోషం దానిదీ కావచ్చు, ఇంకో లెన్సు పెట్టి చూడాలి. గోడకు పేపరు అంటించి, కెమెరా ఎదురుగా నిలిపి, ఎపర్చర్ పూర్తిగా తెరిచి ఫోటో తీయండి. ఒక మూల మసకగా వస్తే కెమెరాను తలకిందులు చేసి మళ్ళీ తీయండి. ఫోటోలో అదే మూల మసకైతే లోపలి అద్దం వంకరగా కూర్చుంది. అది తీసుకోవద్దు.

అమ్మేటప్పుడూ ఇవన్నీ పనికొస్తాయి. మన సభ్యులొకరు పోయాక, ఆయన లెన్సును వారి శ్రీమతి ఒక దుకాణానికి తీసుకెళితే "విప్పిన సరుకమ్మా" అని నామమాత్రపు ధర చెప్పారట. నేను చూస్తే స్క్రూలు శుభ్రం, పేపరు నాలుగు మూలలూ స్పష్టం. ఆ ధరకు ఇవ్వవద్దన్నాను. ఆమె ఇవ్వలేదు.

కొనేటప్పుడు రెండు రోజుల్లో వాపసు తీసుకుంటామని బిల్లు మీద రాయించుకోండి. నోటిమాట మన ఆఫీసుల్లోనే చెల్లలేదు! ఇంట్లో లెన్సులున్నవాళ్ళు వచ్చే సమావేశానికి తీసుకురండి. టార్చి నేను తెస్తాను.