పాత స్కూటరు మొరాయిస్తే ముందు చూడవలసినవి

(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఏం మాట్లాడమంటారని కార్యదర్శిగారిని అడిగితే, "మీ స్కూటరు గురించే చెప్పండి. మన సభ్యుల్లో చాలామంది ఇళ్ళల్లో అవి స్టార్టు కాక మూలన పడి ఉన్నాయి" అన్నారు. నేను మెకానిక్కును కాను. సర్వీసంతా ఫైళ్ళు రాసుకుంటూ గడిపిన గుమాస్తాను. కాని 1986లో ప్రభుత్వం ఇచ్చిన అడ్వాన్సుతో కొన్న చేతక్ ఈనాటికీ నా దగ్గర నడుస్తోంది. దాని పుణ్యాన నేర్చుకున్న నాలుగు ముక్కలు చెబుతాను.

చేతక్ 1972లో వచ్చింది. రాణా ప్రతాప్ గుర్రం పేరు దానికి పెట్టారు. డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూసిన రోజులు మీకందరికీ గుర్తే. 2009 చివర్లో బజాజ్ వారు స్కూటర్ల తయారీ ఆపేస్తున్నామని ప్రకటించారు. మళ్ళీ 2020లో అదే పేరుతో కరెంటు బండి వచ్చింది గాని, దానికి కార్బురేటరే లేదు కాబట్టి మన చర్చకు రాదు. అంటే మన దగ్గరున్న బండ్లలో అన్నిటికంటే చిన్నదానికి కూడా పదిహేనేళ్ళు దాటాయి. వీటిని చూస్తూ పెరిగిన మేస్త్రీలు ఒక్కొక్కరే షాపులు కట్టేస్తున్నారు. ఇప్పటి కుర్రవాళ్ళకు ఫ్యూయల్ ఇంజెక్షన్ తెలుసు, కంప్యూటరు పెట్టి చూడడం తెలుసు. మన బండి తీసుకెళ్ళగానే "కార్బురేటర్ పోయిందండీ, కొత్తది వేయాలి" అంటారు. అది విని మనవాళ్ళు రెండు పనుల్లో ఒకటి చేస్తున్నారు. అడిగినంతా ఇచ్చి కొత్తది వేయించుకుంటున్నారు, లేదా విసిగిపోయి పాత ఇనప సామాను కొనేవాడికి తూకానికి ఇచ్చేస్తున్నారు. నా అనుభవంలో నిజంగా కార్బురేటరే చెడిపోయిన సందర్భాలు చాలా తక్కువ. దాని ముందో వెనకో ఉన్న చిన్న లోపానికి అది మాట పడుతుంది, అంతే.

ఆఫీసులో ఫైలు కనబడకపోతే మనం ఏం చేసేవాళ్ళం? ఇన్‌వర్డు రిజిస్టరు దగ్గర మొదలుపెట్టి ఏ సీటు దాకా వెళ్ళిందో, ఎక్కడ ఆగిందో వరసగా చూసేవాళ్ళం. ఇక్కడా అంతే. ఇంజను తిరగడానికి కావలసినవి పెట్రోలు, నిప్పురవ్వ, గాలి. పెట్రోలు ట్యాంకులోంచి బయలుదేరి ట్యాపు, పైపు, చిన్న జల్లెడ, కార్బురేటరు గిన్నె, జెట్టు దాటి ఇంజనులోకి వెళ్ళాలి. ఎక్కడ ఆగిందో తెలియకుండా మధ్యలో ఉన్న కార్బురేటరు విప్పడం దండగ.

మన సభ్యులొకరి బండి సంగతి చెబుతాను. ఇంటి దగ్గర ఒక్క కిక్కుకే స్టార్టయ్యేది. రెండు మూడు కిలోమీటర్లు వెళ్ళాక ఆగిపోయేది. పది నిమిషాలు చెట్టు కింద నిలబెడితే మళ్ళీ కదిలేది. ఒక షాపులో కార్బురేటరు మార్చారు. మరొకచోట ప్లగ్గు, కాయిలు మార్చారు. రోగం తగ్గలేదు. నా దగ్గరకు తెచ్చినప్పుడు, ఈసారి ఆగగానే సీటు ఎత్తి ట్యాంకు మూత తిప్పి తీయండి అన్నాను. తీయగానే బుస్సుమని గాలి లోపలికి పోయింది, బండి వెంటనే స్టార్టయింది. ట్యాంకు మూతకు గాలి వెళ్ళే సన్నని రంధ్రం ఉంటుంది. దుమ్మూ నూనే చేరి అది మూసుకుపోతే, పెట్రోలు దిగినకొద్దీ ట్యాంకులో గాలి పలచబడి, చివరకు పెట్రోలు దిగడమే ఆగిపోతుంది. నిలబెడితే మూత సందుల్లోంచి కొంచెం గాలి చేరుతుంది కనుక మళ్ళీ నడుస్తుంది. మూత కడిగి, సైకిలు పంపుతో ఊదితే సరిపోయింది. ఖర్చు సున్నా.

కాబట్టి మొదట ట్యాపు తెరిచే ఉందా, పెట్రోలు రిజర్వుకు పడిపోయిందా, మూత రంధ్రం సరిగా ఉందా చూడండి. ఆ తరువాత కార్బురేటరు దగ్గర పైపు ఊడదీసి, ఒక గ్లాసు కింద పెట్టి ట్యాపు తెరవండి. ధార నిలకడగా పడితే అంతవరకు ఫైలు కదిలినట్టే. చుక్కలు చుక్కలుగా పడితే తప్పు పైనే ఉంది. ఈ పని ఆరుబయట, ఇంజను చల్లబడ్డాక చేయాలి. పూజగదికీ వంటింటికీ దూరంగా చేయాలి. బీడీ సిగరెట్టు అలవాటున్నవారు అసలు దగ్గరకే రాకూడదు.

తరువాత నిప్పురవ్వ. ప్లగ్గు పానాతో ప్లగ్గు విప్పి దాని మొహం చూడండి. కాఫీ పొడి రంగులో పొడిగా ఉంటే బండి ఆరోగ్యంగా ఉన్నట్టు. నల్లగా, తడిగా ఉంటే పెట్రోలో నూనెో ఎక్కువైనట్టు, లేదా రవ్వ సరిగా పడనట్టు. తెల్లగా పాలిపోతే గాలి ఎక్కువై పెట్రోలు చాలనట్టు. తెల్లబడిన ప్లగ్గును తేలిగ్గా తీసుకోవద్దు. అలాగే నడిపితే ఇంజను వేడెక్కి పిస్టను పట్టేస్తుంది. ప్లగ్గు కొసల మధ్య ఖాళీ సుమారు 0.6 మిల్లీమీటర్లు ఉండాలి. కొలిచే బిళ్ళలు లేకపోతే ఇనుము కోసే రంపం బ్లేడు మందం ఆనవాలుగా పెట్టుకోవచ్చు. మేస్త్రీలు చేసేదీ అదే. పాత మోడళ్ళలో ప్లాటినం ఉంటుంది. దాని మొహాలు నల్లబడితే రవ్వ బలహీనపడుతుంది. అది ఫ్లైవీలు లోపల ఉంటుంది కనుక తెలిసినవారి చేతనే శుభ్రం చేయించండి. తరువాతి మోడళ్ళలో ఎలక్ట్రానిక్ పద్ధతి వచ్చాక ఆ బాధ తప్పింది.

రవ్వ వస్తోందో లేదో చూడడానికి ప్లగ్గును ఇంజను లోహానికి ఆనించి కిక్కు కొడతారు. అలా చేసేటప్పుడు ప్లగ్గు తీసిన రంధ్రానికి దూరంగా ఆనించండి. అందులోంచి పెట్రోలు ఆవిరి చిమ్ముతుంది, రవ్వ తగిలితే భగ్గుమంటుంది. గుండెకు పేస్‌మేకరు పెట్టించుకున్నవారు ఈ పరీక్ష చేయవద్దు, ఇంజను తిరుగుతుండగా ప్లగ్గు వైరు దగ్గరకు వంగవద్దు. ఇంట్లో కుర్రవాళ్ళకు అప్పగించి మనం పక్కన నిలబడి చెబితే చాలు. చెప్పడం మనకు ఎలాగూ అలవాటే.

ఇప్పుడు అందరూ నవ్వుకునే విషయానికి వస్తాను. బండి స్టార్టు కాకపోతే పక్కకు వంచడం. అందులో కొంత శాస్త్రం ఉంది. కార్బురేటరు గిన్నెలో ఒక తేలే బుడ్డి ఉంటుంది. మన ఇంటి మీద నీళ్ళ ట్యాంకులో ఉండే బంతి వాల్వు లాంటిదే. పెట్రోలు నిండగానే అది పైకి లేచి సూదితో దారి మూస్తుంది. బండి వంచితే బుడ్డి పక్కకు ఒరిగి దారి తెరుచుకుంటుంది, పెట్రోలు పొర్లి ఇంజనులోకి చిక్కగా వెళుతుంది. ట్యాంకు అడుగున మిగిలిన నాలుగు చుక్కలు కూడా ట్యాపు వైపు చేరతాయి. అందుకే పెట్రోలు తక్కువైనప్పుడు, జెట్టు సగం పూడినప్పుడు వంచితే పని జరుగుతుంది. కాని అప్పటికే పెట్రోలు ఎక్కువై ప్లగ్గు తడిసి ఉంటే, వంచడం రోగాన్ని పెంచుతుంది. ప్లగ్గు తీసి ముక్కు దగ్గర పెడితే వాసనే చెబుతుంది. తడిసిందని తేలితే ట్యాపు కట్టేసి, చోకు తీసేసి, ప్లగ్గు తుడిచి బిగించి, యాక్సిలరేటరు పూర్తిగా తిప్పి నాలుగైదు కిక్కులు కొట్టాలి. రోజూ వంచితేనే స్టార్టవుతోందంటే మాత్రం జెట్టు పూడిందని అర్థం. అప్పుడే కార్బురేటరు వంతు వస్తుంది.

కుడివైపు డూము తీసి, పైనున్న గాలి ఫిల్టరు తీస్తే జెట్టులు కనబడతాయి. ఐడిల్ జెట్టు రంధ్రం సుమారు అర మిల్లీమీటరే. దాంట్లో ఒక్క నలుసు చాలు, బండి ఆక్సిలేటరు వదలగానే ఆగిపోవడానికి. జెట్టు ఇత్తడిది, మెత్తన. దయచేసి గుండుసూదీ, పిన్నీసూ దూర్చకండి. రంధ్రం వెడల్పయితే పెట్రోలు ఎక్కువ తాగుతుంది, ఆ తరువాత ఎన్ని సర్దినా దారికి రాదు. పెట్రోలులో నానబెట్టి సైకిలు పంపుతో ఊదండి, చాలు. మరీ మొండికేస్తే బ్రష్షు నుంచి పీకిన ఒక్క నైలాను పోగు వాడవచ్చు. ఫిల్టరును కూడా పెట్రోలులో కడిగి, ఆరబెట్టి బిగించండి. అది మురికి పట్టినా చోకు వేసినట్టే ఉంటుంది. గాలి, పెట్రోలు పాళ్ళు సరిచేసే మరను పూర్తిగా, కాని మెత్తగా బిగించి, సుమారు ఒకటిన్నర చుట్లు వదిలి, ఇంజను వేడెక్కాక చెవితో విని సర్దుకోవాలి. విప్పే ముందు ఎన్ని చుట్లకు ఉందో చీటీ మీద రాసుకోండి. గుమాస్తా బుద్ధి అక్కడ పనికొస్తుంది.

నలుసు ఎక్కడినుంచి వస్తుంది? ఎక్కువగా నిలవ పెట్రోలు నుంచి. చాలామంది ఆరు నెలలు అమెరికాలో పిల్లల దగ్గర ఉండి వస్తారు. ట్యాంకులో, గిన్నెలో పెట్రోలు అలాగే ఉంటుంది. తేలికపాటి భాగం ఆవిరైపోయి, మిగిలింది జిగురుగా జెట్టులో పేరుకుంటుంది. ఇదివరకటికంటే ఇప్పుడు మరింత జాగ్రత్త కావాలి. 20 శాతం ఇథనాలు కలిపిన పెట్రోలును 2023 ఫిబ్రవరిలో బంకుల్లో ప్రవేశపెట్టారు, 2025 నాటికి దేశమంతటా అదే దొరికే స్థితి వచ్చింది. ఇథనాలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ మితిమీరితే నీళ్ళూ ఇథనాలూ కలిసి విడిపోయి ట్యాంకు అడుగుకు చేరతాయి. ట్యాపు తీసుకునేది ఆ అడుగునుంచే. ఇనప ట్యాంకు లోపల తుప్పు పడుతుంది. మన బండ్లలోని పాత రబ్బరు పైపులు, వాషర్లు ఈ పెట్రోలును ఉద్దేశించి చేసినవి కావు. కొన్ని ఉబ్బుతాయి, కొన్ని బీటలు వారతాయి. పదేళ్ళనాటి పెట్రోలు పైపు ఉంటే ఈ వారమే మార్పించండి. అది చిన్న ఖర్చు. వేడి ఇంజను మీద పెట్రోలు కారడం మాత్రం చిన్న విషయం కాదు.

నెలకు మించి బండి కదపనప్పుడు ట్యాపు కట్టేసి, దానంతట అది ఆగేదాకా ఇంజను తిరగనివ్వండి, గిన్నె ఖాళీ అవుతుంది. చాలా నెలలు ఊరు వెళ్ళేవారు ట్యాంకు కూడా ఖాళీ చేయించడం మంచిది. తిరిగి వచ్చాక తాజా పెట్రోలులో లీటరుకు 20 మిల్లీలీటర్ల చొప్పున టూ-టీ ఆయిలు కలిపి వాడండి. బండికి మేలని చేతికి వచ్చినంత పోస్తే ప్లగ్గు, సైలెన్సరు మసిబారడం తప్ప లాభం లేదు. ప్రతి రాత్రీ ట్యాపు కట్టేయండి. పొద్దున్నే బండి కింద పెట్రోలు మరక, గదిలో వాసన ఉంటే సూది అరిగిందన్నమాట. ఆ గదిలో లైటు స్విచ్చి వేయకుండా ముందు తలుపులు, కిటికీలు తెరవండి.

కొన్ని మన చేతిలో లేని పనులున్నాయి. యాక్సిలరేటరు వదిలినా ఇంజను గీపెడుతూ తిరుగుతుంటే ముందు కేబులు ఇరుక్కుందేమో చూడండి. అది సరిగా ఉంటే గ్యాస్కెట్టు దగ్గరో, ఆయిలు సీలు దగ్గరో గాలి లాగుతోందని అర్థం. ఇల్లంతా కమ్మేంత పొగ వస్తూ గేరు ఆయిలు తగ్గిపోతుంటే అటువైపు సీలు పోయినట్టు. ఫ్లైఓవరు ఎక్కలేక ఆయాసపడుతుంటే సైలెన్సరులో బొగ్గు పేరుకుని ఉండవచ్చు. ఇవి మేస్త్రీకే అప్పగించండి. కాని "ఏదో చూడండి" అనవద్దు. ట్యాంకు నుంచి ధార బాగుంది, రవ్వ బాగుంది, ప్లగ్గు తెల్లగా ఉంది అని చెప్పండి. అలా చెప్పినవారికి అక్కర్లేని సామాను అంటగట్టడం కష్టం. మార్చిన పాత భాగాన్ని అడిగి తీసుకోండి.

కిక్కు గురించి ఒక మాట. మోకాలి ఆపరేషను అయినవారు, బి.పి. ఉన్నవారు, గుండె జబ్బున్నవారు పది కిక్కులకు మించి కొట్టకండి. అసలు పది దాకా వెళ్ళడమే ఎక్కువ. మూడు నాలుగు కిక్కులకు స్టార్టు కాకపోతే ఏదో లోపం ఉన్నట్టే. ముప్పయ్యో కిక్కు దానిని సరిచేయదు. మా వీధిలో ఒక పెద్దాయన పంతం కొద్దీ కొట్టి కళ్ళు తిరిగి పడ్డారు. చూస్తే ట్యాపు కట్టేసి ఉంది.

రిజిస్ట్రేషను పదిహేనేళ్ళకు అయిపోయి, తరువాత ఐదేళ్ళకొకసారి పొడిగించుకోవాలి. గడువు చూసుకుని, ఇన్సూరెన్సు, పొల్యూషను సర్టిఫికెట్టు సిద్ధంగా పెట్టుకుని, బండి నడిచే స్థితిలో ఉన్నప్పుడే వెళ్ళండి. బండి తెచ్చినవారు బయట ఉన్నారని కార్యదర్శిగారు చీటీ పంపారు. టీ తాగాక రండి, ఒక్కొక్కటే చూద్దాం.