పాత కారుతో మూడు చక్రాల బండి: గ్రైండర్ ఆన్ చేసే ముందు ఇది వినండి

అసలు ఈ వారం వేరే టాపిక్ అనుకున్నాను. కానీ మొన్న ఒక మెసేజ్ వచ్చింది. మెకానికల్ థర్డ్ ఇయర్ చదువుతున్న తమ్ముడు. యాక్సిడెంట్ అయిన పాత మారుతీ 800 ఒకటి కొన్నాడట. డబ్బులు వాళ్ల నాన్న ఇచ్చారట, మిర్చి అమ్మగా వచ్చినవి. "అన్నా, వెనక రెండు చక్రాలు పీకేసి మధ్యలో ఒకటే పెడతా, టాప్ కోసేస్తా, ఆదివారం కటింగ్. ఆల్ ది బెస్ట్ చెప్పు" అన్నాడు.

నేను ఆల్ ది బెస్ట్ చెప్పలేదు. "వీడియో పెడతాను, అది చూశాకే గ్రైండర్ ముట్టుకో" అన్నాను. ఎందుకంటే ఆ పని నేనూ ఒకసారి చేశాను. ఏమైందో కాసేపట్లో చెప్తా.

ముందు ఒక మాట. ఇది పిచ్చి ఐడియా కాదు. దీనికి వందేళ్లకు పైగా చరిత్ర ఉంది. ఇంగ్లండ్‌లో హెచ్.ఎఫ్.ఎస్. మోర్గాన్ అనే ఆయన 1909లో ముందు రెండు, వెనక ఒకటి చక్రాలతో బండి కట్టాడు. అందులో పెట్టింది మోటార్‌సైకిల్ కోసమని కొనుక్కున్న ప్యూజో ఇంజన్. అంటే అప్పుడు కూడా ఉన్న సామానుతోనే మొదలైంది. ఆ కంపెనీ 1950ల మొదట్లో మూడు చక్రాల బండ్లు ఆపేసి, 2011లో మళ్లీ మొదలుపెట్టింది.

ఇంట్లో కట్టుకునేవాళ్ల విషయానికొస్తే, బ్రిటన్‌లో 1980ల నుంచి బాగా వాడిన డోనర్ కారు సిట్రోయెన్ 2సీవీ. డోనర్ అంటే అవయవాలు ఇచ్చే బండి అన్నమాట. బాడీ తుప్పు పట్టి పోయినా ఇంజన్, గేర్‌బాక్స్, స్టీరింగ్ బతికే ఉంటాయి కదా, అవి తీసి కొత్త బండికి పెడతారు. ఇలా వచ్చిన వాటిలో పేరున్నది లోమాక్స్ 223. ఆ నంబర్ సరదాగా ఉంటుంది: 2 సిలిండర్లు, 2 సీట్లు, 3 చక్రాలు. దాని అన్న 224కి నాలుగు చక్రాలు.

మరి 2సీవీనే ఎందుకు? ఇక్కడ జాగ్రత్తగా వినండి, మన తమ్ముడి ప్రాబ్లమ్ సగం ఇక్కడే ఉంది.

ఒకటి, 2సీవీకి ఛాసిస్ వేరు, బాడీ వేరు. నట్లు విప్పితే బాడీ పైకి లేచి వచ్చేస్తుంది. కింద ఛాసిస్, ఇంజన్, చక్రాలు అలాగే నిలబడి ఉంటాయి. రెండు, అది ఫ్రంట్ వీల్ డ్రైవ్. ఇంజన్, గేర్‌బాక్స్ అన్నీ ముందే. వెనక చక్రం ఊరికే వెంట వస్తుంది. మూడు, 602 సీసీ ఇంజన్ గాలితో చల్లబడేది. రేడియేటర్ లేదు, వాటర్ పంప్ లేదు, తలనొప్పి తక్కువ.

మారుతీ 800 కూడా ఫ్రంట్ వీల్ డ్రైవే. 796 సీసీ, మూడు సిలిండర్లు, పార్టులు ఎక్కడైనా దొరుకుతాయి. అంతవరకు బాగుంది. కానీ దానికి వేరే ఛాసిస్ లేదు. మోనోకాక్. అంటే ఫ్లోరు, స్తంభాలు, టాప్ అన్నీ కలిస్తేనే బలం. అట్టపెట్టె లాంటిది. మూత, పక్కలు ఉన్నంతసేపు గట్టిగా ఉంటుంది, మూత కోసేస్తే మెలి తిరిగిపోతుంది. టాప్ కోశాక డోర్లు వేసి చూడండి, పడవు. ఫ్లోరు మధ్యలో కిందికి కుంగి ఉంటుంది. కాబట్టి కొయ్యడం ముందు కాదు. ముందు స్టీల్ ట్యూబులతో ఫ్రేమ్ డిజైన్ చేసుకోవాలి, సస్పెన్షన్ బిగించే పాయింట్లన్నీ కొలుచుకోవాలి. సాఫ్ట్‌వేర్ వాళ్లకు అర్థమయ్యేలా చెప్పాలంటే, ఎవరో రాసిన పాత కోడ్‌లో ఏ ఫంక్షన్‌ని ఎవరు పిలుస్తున్నారో చూడకుండా డిలీట్ కొట్టేయడం లాంటిది.

ఇప్పుడు అసలు సంగతి. బండి ఎందుకు పడిపోతుంది?

మన ఆటో చూడండి. ముందు ఒకటి, వెనక రెండు. మలుపులో గట్టిగా బ్రేక్ కొడితే బరువు ముందుకి, పక్కకి, అంటే ముందు మూలకి పోతుంది. ఆ మూలలో చక్రమే లేదు. అందుకే వెనక చక్రం గాల్లోకి లేస్తుంది. ముందు రెండు పెడితే ఆ మూలలో చక్రం ఉంటుంది, బ్రేకింగ్‌లో అది కాపాడుతుంది. కానీ ముందు రెండు పెట్టేశాం కదా, ఇక సేఫ్ అనుకోకండి. బరువు ఎక్కడుంది అన్నదే తేలుస్తుంది.

లెక్క చిన్నదే. ముందు రెండు చక్రాల మధ్య దూరంలో సగం తీసుకోండి. మొత్తం బరువులో ముందు చక్రాల మీద ఎంత వంతు ఉందో దాంతో గుణించండి. బరువు కేంద్రం ఎత్తుతో భాగించండి. వచ్చే నంబరే, ఎన్ని జీల పక్కతోపుకి బండి బోల్తా కొడుతుందో చెప్తుంది.

మారుతీకి ముందు చక్రాల మధ్య సుమారు 1.2 మీటర్లు. సగం 0.6. బరువు కేంద్రం అర మీటరు ఎత్తులో ఉందనుకుందాం. ముందు 70 శాతం బరువు ఉంటే 0.6 ఇంటూ 0.7 బై 0.5, అంటే 0.84. ముందు 50 శాతమే ఉంటే 0.6. పొడి రోడ్డు మీద మామూలు టైరు పట్టు 0.8 దరిదాపుల్లో ఉంటుంది. మొదటి బండి బోల్తా కొట్టే లోపే టైరు జారుతుంది, అంతో ఇంతో బతుకుతారు. రెండో బండి టైరు జారక ముందే పడిపోతుంది. అదే బండి, అవే టైర్లు. మారింది బరువు చోటు ఒక్కటే.

ఇప్పుడు నా కథ. బీటెక్ ఫైనల్ ఇయర్‌లో నలుగురం కలిసి బెజవాడ ఆటోనగర్‌లో పాత 800 ఒకటి కొన్నాం. కోశాం. వెనక ఒక బైకు స్వింగ్ ఆర్మ్ పెట్టాం. అప్పుడు నాకో గొప్ప ఐడియా వచ్చింది. మంచి కారుకి ముందూ వెనకా బరువు సగం సగం ఉండాలని ఎక్కడో చదివాను. అందుకని బ్యాటరీ, పెట్రోల్ ట్యాంక్, సీట్లు అన్నీ వెనక్కి జరిపించాను. మావాళ్లు ఒకడు "ఎందుకురా, ముందే ఉండనీ" అన్నాడు. నేను వినలేదు.

కాలేజీ బస్సులు ఆగే సిమెంట్ గ్రౌండ్‌లో ట్రయల్. నేను డ్రైవింగ్, ఆ వద్దన్నవాడే నా ఎడమ పక్కన. బెల్టులు లేవు, పైన రోల్ బార్ లేదు. ముప్ఫై కూడా దాటలేదండి. కుడి వైపు టర్న్ తీసుకున్నాను. కుడి ముందు చక్రం లేచింది. మెల్లగా, సినిమాలో లాగా ఏం కాదు, చాలా మెల్లగా ఒరిగింది. వాడు ఆపుకుందామని చెయ్యి బయటికి పెట్టాడు. మణికట్టులో రెండు ఎముకలు విరిగాయి. ప్లేట్లు వేశారు. ఆ నెలలో వాడి ప్లేస్‌మెంట్ రౌండ్లన్నీ పోయాయి. ఇప్పటికీ ఆ చెయ్యి పూర్తిగా తిరగదు. ఈ వీడియోలో చెప్పనా అని అడిగితే "చెప్పు, నీ లెక్క కూడా చెప్పు" అన్నాడు.

తర్వాత బండిని పాత ఇనుప సామాన్ల కొట్లో కాటా మీద తూచాం. ముందు చక్రాల మీద 54 శాతం. మేమిద్దరం కూర్చుంటే సరిగ్గా సగం. వంద రూపాయల కాటా పని. ముందు చేసి ఉంటే సరిపోయేది.

సరే, ఇక చట్టం. చాలామంది కామెంట్లలో "ఆర్టీవోలో చూసుకోవచ్చులే" అంటారు. అలా చూసుకునేది కాదు. బ్రిటన్‌లో ఇంట్లో కట్టిన మూడు చక్రాల బండికి ఎంఎస్‌వీఏ అని ఒక ఇన్‌స్పెక్షన్ ఉంది. పాసైతే రోడ్డెక్కొచ్చు. మన దగ్గర 1988 మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 52 ప్రకారం, కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. నాలుగు చక్రాల ఆర్‌సీతో మూడు చక్రాల బండి రోడ్డు మీద తిప్పితే, ఏదైనా జరిగిన రోజు ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకోకండి. అవతలి మనిషికి దెబ్బ తగిలితే ఆ భారం మిర్చి అమ్మిన నాన్న మీద పడుతుంది.

అయితే కట్టొద్దా? కట్టు తమ్ముడూ. సొంత స్థలంలో, పర్మిషన్ ఉన్న గ్రౌండ్‌లో నడుపుకోవడానికి కట్టు. కానీ ఈ వరసలో చెయ్యి.

ముందు కాగితాలు. అమ్మినవాళ్ల దగ్గర బిల్లు, పాత ఆర్‌సీ తీసుకో. ఇంజన్ నంబర్, ఛాసిస్ నంబర్ కలుస్తున్నాయా చూడు. బండి పనికిరాకుండా పోయిందని రిజిస్ట్రేషన్ ఆఫీసుకి చెప్పి ఆర్‌సీ రద్దు చేయించు. లేకపోతే దొంగ బండి కేసు నీ నెత్తి మీదకి రావచ్చు.

తర్వాత ఫొటోలు. ప్రతి వైరు, ప్రతి పైపు విప్పే ముందు ఫొటో తియ్యి, టేపు అంటించి పేరు రాయి. వెల్డింగ్‌కి ముందు బ్యాటరీ విప్పు, పెట్రోల్ ట్యాంక్ బండి నుంచి దూరంగా పెట్టు. ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకు కంటే డేంజర్, అందులో ఉన్నది ఆవిరి.

ఆ తర్వాత సుద్దముక్కతో నేల మీద ఫ్రేమ్ గీసి, బరువులు ఎక్కడెక్కడ పెడతావో రాసి, లెక్క వెయ్యి. సీట్లు వీలైనంత ముందుకి, కిందికి. బండి నిలబడ్డాక మూడు చక్రాలూ తూచు, మనుషులు కూర్చున్నాక మళ్లీ తూచు. రోల్ బార్, బెల్టులు లేకుండా తాళం తిప్పకు. ఇంకోటి, మన రోడ్ల మీద గుంతను రెండు చక్రాల మధ్యకి తీసి తప్పిస్తాం కదా, ఇక్కడ మధ్యలో మూడో చక్రం ఉంది. సరిగ్గా అందులోనే పడుతుంది.

కాలేజీలో బాహా ఎస్ఏఈ టీమ్ ఉంటే అందులో చేరు. అక్కడ రోల్ కేజ్ చెక్ చేసి, బ్రేకులు చెక్ చేసి గానీ ట్రాక్ ఎక్కనివ్వరు. "వద్దు" అనేవాళ్లు పక్కన ఉండటం ఎంత విలువో నాకు ఒక చెయ్యి విరిగాక తెలిసింది. అది కూడా నా చెయ్యి కాదు.

తమ్ముడూ, ఈ ఆదివారం గ్రైండర్ వద్దు. టేపు, సుద్దముక్క, నోట్‌బుక్ చాలు. లెక్క వేసి ఫొటో పంపు, నేను కూర్చుని చూస్తాను. ముందు చక్రాల మీద 70 శాతం చూపించు, అప్పుడు చెప్తా ఆల్ ది బెస్ట్.

మీలో ఎవరైనా ఇలాంటి బండి కట్టి ఉంటే ముందు ఎంత బరువు వచ్చిందో కామెంట్‌లో రాయండి. వచ్చే వారం కలుద్దాం. ఉంటాను, నమస్తే.