ఆగిన పని, మిగిలిన సూత్రము



చిలమత్తూరున సమావేశమైన ఈ విశ్వబ్రాహ్మణ మహాసభయందు మాటలాడుటకు మమ్ము నియోగించిన కార్యనిర్వాహకులకు మా నమస్కృతులు. మేము సంస్కృతము చెప్పుకొని బ్రదికిన వారము. ఉలి పట్టిన వారము కాము. అయినను మన బాలురు హిందూపురమునను బెంగుళూరునను కంప్యూటరుపై నమూనాలు గీయుచున్న యీ కాలమున, గీతను చేతితోగాక వాక్యములతో పుట్టించు నొక సాధనముయొక్క చరిత్ర వినదగినదని తలచితిమి.

అమెరికాలోని యం.ఐ.టి. యందు విద్యార్థిగా నుండిన మాట్ కీటర్ అను నాతడు 'కోకోపెల్లి' అను సాధనమును నిర్మించెను. అందు ఆకారమును పైథాన్ భాషలో వర్ణించిన చాలును. గోళ మననేమి? కేంద్రమునుండి బిందువునకు గల దూరమునుండి వ్యాసార్ధమును తీసివేయగా వచ్చు సంఖ్య. అది ఋణమైన లోపల, ధనమైన వెలుపల, సున్నయైన అంచు. రెండాకారములను కలుపవలెనన్న ప్రతిబిందువునొద్దను రెండు సంఖ్యలలో చిన్నదానిని గైకొనవలెను. రెంటికి ఉమ్మడియగు భాగము కావలెనన్న పెద్దదానిని. ఇంతియే!

కోకోపెల్లి నిలిచిపోయెను. పిదప 'యాంటిమొనీ' వచ్చెను; అదియు నాగెను. కాని ఆ గణితపద్ధతి నశింపలేదు. అది 'లిబ్‌ఫైవ్' అను పేర, ఇతరులు తమ సాధనములలో నమర్చుకొనదగిన పనిముట్టుగా వేరుపడినది. ముఖము మారెను, ప్రాణము నిలిచెను. మూలమంతయు అందరును చదువునట్లు బహిరంగముగా నుంచబడుటయు నిందులకు తోడ్పడినది.

ఇది మనకు క్రొత్త యనుకొనవలదు. నవతాళప్రతిమయనగా 9 తాళములు, తాళమునకు 12 అంగుళములు, వెరసి 108. ఆ అంగుళము బద్దమీది యంగుళము కాదు, ప్రతిమయెత్తులో 108వ పాలు. రాయి పెరిగిన అదియు పెరుగును. ఒక్క సంఖ్య మార్చిన రూపమెల్ల తనంతట సర్దుకొనుటయే యీ సాధనముల గొప్ప. మన స్థపతుల కది నిత్యకృత్యము.

అయితే వ్రాతకును లోపము కలదు. ఈ మూలను గుండ్రము చేయుమని వ్రేలితో చూపుట సులభము. సూత్రములో ఆ మూలకు పేరుండదు. కొలత మారినంతనే ఏ మూలయో తెలియకపోవును. పనివారు వాక్యములను విడిచి చేతిగీతకే పోవుట వింతకాదు.

మన పొరుగున లేపాక్షిలో, అచ్యుతదేవరాయల నాటి ఆలయమున, కల్యాణమంటపము పూర్తికాకయే యున్నది. పైకప్పు లేదు, స్తంభములు కలవు. రాయి గావున అది నిలిచినది. మన యిండ్లలోని కొలతలట్లు నిలుచునా? వానలు తప్పిన యేట పనివాడు ఊరు విడుచును. తలుపుచట్రమునకును రథచక్రమునకును వాడెరిగిన పాళ్లు వానితోనే పోవును.

విద్యానిధితో కంప్యూటర్లు కొనవలెనని కొందరు పెద్దలనుచున్నారు, కొనుడు. కాని మొదటి వ్యయము పుస్తకమునకు కావలెనని మా ప్రార్థన. ప్రతి వృద్ధకారువునొద్దకు చదువుకొనిన పిల్లవాని నొకని బంపి, కొలతను, దాని పేరును, అది యేల యట్లున్నదో ఆ కారణమును తెలుగున వ్రాయింపుడు. ఏ యొక కంపెనీ సాధనమునకును కట్టుబడని సాదా అక్షరములలోనే యది యుండవలెను. ఒక ప్రతి చిలమత్తూరున, ఒకటి హిందూపురమున, వేరొకటి లేపాక్షిలో నుంచుడు. వ్రాయుటకు పిల్లలు దొరికినచో వారి లిపిని దిద్దిపెట్టుటకు మేము సిద్ధముగా నున్నారము.