పిల్లల మోచెయ్యి విరిగితే ముందు వేళ్లు చూడండి
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునే పంతులును. ఎముకల సంగతి ఈయనకెందుకు అని మీరనుకోవచ్చు. ఒక తప్పు చేసినవాడిగా, ఆ తరువాత డాక్టర్లను అడిగి తెలుసుకున్నవాడిగా మాట్లాడుతున్నాను.

కొన్నేళ్ల కిందట మా బడిలో రెండో తరగతి పిల్లవాడు గోడ మీది నుంచి చెయ్యి చాపి పడ్డాడు. మోచెయ్యి చూస్తుండగానే వాచింది. తండ్రి పరుగున వచ్చి, "సార్, యాడికి తీస్కపోవాలె?" అని అడిగాడు. "పహిల్వాన్ దగ్గర కట్టు కట్టించు భాయ్, సర్దుకుంటది" అన్నాను. మర్దన చేసి, వెదురు బద్దలు పెట్టి బిగించి కట్టారు. పిల్లవాడు రాత్రంతా ఏడ్చాడు. విరిగిన చెయ్యికి నొప్పి ఉండదా అని ఇంట్లోవాళ్లు ఓదార్చారు. మూడోనాడు పట్నం దవాఖానాకు చేరేసరికి వేళ్లు చల్లబడి, కదలడం మానేశాయి. చెయ్యి దక్కింది గాని వేళ్లు కొక్కెంలా ముడుచుకుపోయాయి. ఎడమచేత్తో రాసే వాడి కాపీ దిద్దినప్పుడల్లా నా మాట నాకే గుచ్చుకునేది.

ఇలా ఎందుకవుతుంది? అయిదు నుంచి ఏడేళ్ల పిల్లల్లో మోచేతికి కాస్త పైన ఎముక పలుచగా ఉంటుంది. చెయ్యి ఆనించి పడితే అక్కడే విరుగుతుంది. దాని ముందునుంచే చేతికి రక్తం తీసుకుపోయే పెద్ద నాళం, పక్కనే నరాలు పోతాయి. విరిగిన ముక్క నాళాన్ని నొక్కుతుంది. వాపు పెరుగుతుంది. పైనుంచి బిగింపు కట్టు పడితే రక్తం ఆగిపోతుంది. రక్తం అందని కండ ఆరేడు గంటలు దాటితే చచ్చిపోవడం మొదలవుతుంది. 1881లో జర్మనీ డాక్టరు ఫోక్‌మన్ బిగింపు కట్ల వల్ల చేతులు ఇలా ముడుచుకుపోవడాన్ని వివరించాడు. అందుకే దానికి ఆయన పేరే ఉంది. మన హకీములు గౌరవించే ఇబ్న్ సినా కూడా, వాపు ఉండగానే బద్దలు బిగించక కొన్నాళ్లు ఆగమన్నాడు. ఆయన కాలం వెయ్యేళ్ల కిందటిది.

దవాఖానాలో ఏం చేస్తారు? ముక్క కదలకపోతే మూడు వారాలు పిండికట్టు చాలు. బాగా జరిగితే మత్తు ఇచ్చి, సాధారణంగా కోయకుండానే ముక్కను సరిచేసి, చర్మం మీదినుంచి సన్నని తీగలు గుచ్చుతారు. మూడు నాలుగు వారాలకు వాటిని తీసేస్తారు. వంకరగా అతికితే మోచెయ్యి లోపలికి వంగి ఉండిపోతుంది. పిల్లల మోచేతిలో కొంత భాగం ఇంకా మృదులాస్థే కనుక ఎక్స్‌రేలో కనబడదు. "ఏమీ లేదు" అన్నా నొప్పి తగ్గకపోతే మళ్లీ చూపించాలి.

ఇక మనం చేయవలసింది. చెయ్యి ఎలా ఉందో అలాగే ఉంచండి, లాగవద్దు, మర్దన వద్దు. గాజులు, దండకు కట్టిన తావీజు దారం తీసేయండి. మడిచిన పేపరు ఆసరా పెట్టి, దుపట్టాతో వదులుగా మెడకు వేలాడదీయండి. మత్తు ఇవ్వవలసి రావచ్చు గనుక ఏమీ తినిపించవద్దు, తాగించవద్దు. వేళ్లు చూడండి: వెచ్చగా ఉన్నాయా, కదులుతున్నాయా? వేలు చాపితే ప్రాణం పోయేలా ఏడుస్తున్నాడా? పిండికట్టు వేశాక కూడా ఇదే పరీక్ష. మందు వేసినా నొప్పి పెరుగుతుంటే తెల్లారేదాకా ఆగకుండా ఆ రాత్రే తిరిగి తీసుకుపోండి. కట్టు విప్పాక మోచెయ్యి బిగుసుకుంటే నూనె మర్దన చేయించవద్దు. కండలో ఎముక పెరిగే ప్రమాదముంది. ఆడుకుంటూ ఉంటే నెమ్మదిగా దానంతటదే వంగుతుంది.

పహిల్వాన్లను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. నమ్మకంతో పోతున్నాం, చేతిలో పైసలు లేక కూడా పోతున్నాం. కాని ఇబ్రహీంపట్నం నుంచి పట్నం ముప్ఫై కిలోమీటర్లే. ఉస్మానియా ఉంది, గాంధీ ఉంది, ఒకప్పటి నిజాం ఎముకల దవాఖానా అయిన నిమ్స్ ఉంది. 2005 నుంచి 108 బండి పైసా తీసుకోకుండా వస్తున్నది.

మన సంఘానికి ఒక్క విన్నపం. ఒక జుమా నాడు నమాజు తరువాత ఈ నాలుగు మాటలు చెప్పించండి. నన్ను అడిగిన ఆ తండ్రికి నేను సరైన జవాబు ఇవ్వలేకపోయాను. ఇకమీదట మనలో ఎవరిని అడిగినా, ఇన్షా అల్లాహ్, సరైన జవాబే రావాలి.

ఖుదా హాఫిజ్.