ఫోను తెరపై ప్రకటనలును మన వస్త్రవ్యాపారమును

(వార్షిక మహాసభయందు గావించిన యుపన్యాసము)



ఈ సంచికయందలి కడపటి పుటలు తిరుగవేసినచో మన పోషకుల ప్రకటనలు కన్పట్టును. శుభాకాంక్షలతో నొక ఫోటో, దుకాణము పేరు, క్రింద నొక సెల్ నంబరు. వీనిని చూచి యెవరైన బట్ట కొనుటకు బయలుదేరుదురని ప్రకటన నిచ్చినవారికే నమ్మకము లేదు. అవి సంఘముపై నభిమానముచే నొసగిన విరాళములు. వానిని మేము తూలనాడుట లేదు. అవి లేనిచో ఈ సంచికయే లేదు, కోశాధికారిగారు మమ్ము మన్నింతురు గాక. అయితే విరాళమిచ్చువాడు తిరిగి యేమి వచ్చునని యడుగడు. ప్రకటనకు ధనము వెచ్చించువాడు తప్పక యడుగవలయును. నేడు మనలో ననేకులు అడుగక వెచ్చించుచున్నారు. ఆ విషయమును గూర్చియే నాలుగు మాటలు మనవి చేయదలచితిమి.

ఉప్పలు కూడలినుండి నాచారము పారిశ్రామికవాడ వఱకు గల దారులలో బట్టల దుకాణములవారు, కుట్టుపనివారు, ఇంటినుండియే చీరలమ్ము స్త్రీలు మనవారిలో ననేకులు కలరు. క్రొత్తగా దుకాణము తెరచు యువకుడు అద్దె, సరకు, పనివాని జీతము లెక్కవేసికొన్న పిమ్మట ‘రీళ్ల ఖర్చు’ అని మఱియొక పద్దు వ్రాసికొనుచున్నాడు. నెలకిన్ని వీడియోలు తీసి యిన్ని లక్షల చూపులు తెప్పింతుమని చెప్పువారు వాని గుమ్మము త్రొక్కుచున్నారు. అప్పు చేసియైన వారికి ముట్టచెప్పుచున్నాడు. చూపులు వచ్చుచున్నవి. పండుగ సరకు మాత్రము అరలలో నుండిపోవుచున్నది. ఆ యప్పునకు పూచీ యుండునది తండ్రి, తాకట్టు పోవునది తల్లి నగ. కావున ఇది యువకుల వినోదమని పెద్దలు చూచి విడువదగిన సంగతి కాదు.

ప్రకటన మనకు క్రొత్త కాదు. దండోరా, గోడవ్రాత, సినిమాశాలలో విశ్రాంతివేళ చూపు స్లయిడు, ఆటోలో మైకు, ఇవన్నియు మన మెఱిగినవే. కదలుబొమ్మయు ఈ చోటికి క్రొత్త కాదు. నందమూరి తారక రామారావుగారు 1976లో నాచారముననే రామకృష్ణా స్టూడియోను నెలకొల్పిరి. అయితే ఆ దినములలో బొమ్మ తీయుటకు వలసిన యంత్రములును ధనమును బట్టల వర్తకునికి అందునవి కావు. 2005లో యూట్యూబు పుట్టెను. 2016లో జియో వచ్చి డేటా వెల పడిపోయిన పిమ్మట మన యిండ్లలో వృద్ధులు సైతము వాకిట కూర్చుండి వీడియోలు చూడసాగిరి. 2020 మార్చిలో కరోనాచే దుకాణములు మూతపడెను, నేసిన చీరలు నిలిచిపోయెను. ఆ జూను కడపట మన ప్రభుత్వము టిక్‌టాకును నిషేధించెను. జూలైలో ఇన్‌స్టాగ్రాము రీళ్లును, సెప్టెంబరులో యూట్యూబు షార్టులును ఈ దేశమున మొదలయ్యెను. బేరము లేక కూర్చున్న వర్తకులు ఫోను నెదుట చీర పఱచి యమ్ముట అప్పుడే మిక్కిలిగా నభ్యసించిరి.

ఇక ‘వైరల్’ అను మాట. అది వ్యాధిక్రిమిని బట్టి వచ్చినది. ఒకనినుండి మఱియొకనికి కూలి లేకయే ప్రాకునదని భావము. ఇందలి కీలు తెలిసికొనవలయును. మనము పెట్టిన వీడియోను ఆ సంస్థల యంత్రము మొదట కొందఱికి చూపును. వారు తుదివఱకు చూచినచో, ఇతరులకు పంపినచో, ఇంకను పెక్కుమందికి చూపును. తొలి క్షణములలోనే బొటనవ్రేలితో త్రోసివేసినచో ఆ వీడియో యంతటితో సరి. కావుననే వర్తకులు మొదటి మాటనే కేకగా వేయుచున్నారు, గంతులిడుచున్నారు. యంత్రమునకు కావలసినది చూచువాని కాలము. మనకు కావలసినది కొనువాని రాక. ఈ రెండును ఒకటే యని తలచుటచేతనే ధనము పోవుచున్నది.

రెండును కలిసిన సందర్భములు లేకపోలేదు. అమెరికాలో యూటా రాష్ట్రమున బ్లెండ్‌టెక్ అను మిక్సీల కర్మాగారము కలదు. దాని స్థాపకుడు టామ్ డిక్సన్ తన యంత్రముల గట్టిదనమును పరీక్షించుటకు వానిలో కఱ్ఱముక్కలు వేసి నలుగగొట్టించుచుండెడివాడు. వ్యాపారప్రచారమునకై క్రొత్తగా చేరిన జార్జి రైటు నేలపై పొట్టు చూచి, ఇది యేమని విచారించి, ఈ పరీక్షనే జనులకు చూపుదమనెను. 2006లో తెల్లకోటు, గోళీలు, తోటలో నాకులు లాగు పండ్లకోల మొదలగునవి కొని, సుమారు 50 డాలర్ల వ్యయముతో తొలి వీడియోలు తీసిరి. యజమానియే కోటు తొడిగి గోళీలను పిండి చేసి చూపెను. లక్షలాది జనులు చూచిరి; మిక్సీల యమ్మకములును అనేక రెట్లు పెరిగెను. అతడు ప్రకటనకై క్రొత్త వేషము కల్పింపలేదు. దినదినమును కర్మాగారములో చేయు పరీక్షనే కెమెరా యెదుట చేసెను. చూచినవారికి కలిగిన వింతయు, కొనువానికి కావలసిన నమ్మకమును ఒకే చోట నుండెను. నాచారము షెడ్లలో పనిచేయు మనవారు దీనిని గమనింపవలయునని మా కోరిక. మీ పనిలో ఏ పొట్టు నేలపై పడుచున్నదో మీకు కన్పట్టదు, వెలుపలివానికి కన్పట్టును.

మఱియొక యుదాహరణము మన నగరముననే కలదు. ఉప్పలులో మెట్రో ఎక్కి పడమటికి పోయినచో వచ్చు మాధాపురమున దారిప్రక్క భోజనమమ్ము ‘కుమారి ఆంటీ’ని ఎఱుగనివారుండరు. ఆమె ఏండ్ల తరబడి అన్నము, కూరలు వండి యమ్ముచుండెను. ఆమె బేరములో చెప్పు లెక్కమాటలు రీళ్లకెక్కి, 2024 జనవరి నాటికి గుంపులు గుంపులుగా జనులు వచ్చిరి. తినువారికంటె తీయువారు హెచ్చిరి. దారి నిలిచిపోయెను. జనవరి 30వ తేది పోలీసువారు అంగడి నాపించిరి. మరునాడు ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డిగారు ఆమెను అచటనే యమ్ముకొననిండని యాదేశించిరి. ఆమె యదృష్టము గొప్పది. నాచారము ప్రధాన వీథిలో నొక చిన్న దుకాణమున కట్టి జనసమ్మర్దము వచ్చినచో, నిలుచుటకు చోటెచట? ప్రక్క దుకాణదారు ఊరకుండునా? ముఖ్యమంత్రిగారు ప్రతి యంగడికిని ఆదేశమీయ జాలరు గదా! ఎంత గిరాకిని తీర్చగలమో అంత గిరాకినే పిలుచుట మంచిది.

ఇప్పుడు మన సొంత సరకునకు వత్తము. భూదాన్ పోచంపల్లి మన తూర్పుననే యున్నది. పోచంపల్లి ఇక్కతుకు 2005లో భౌగోళిక గుర్తింపు లభించెను. ఇందు బొమ్మ బట్టపై నద్దినది కాదు. నేతకు ముందే గ్రాఫు కాగితముపై లెక్క వేసి, నూలును కట్లు కట్టి రంగులో ముంచి, ఆ నూలు మగ్గముపై ఒదిగినప్పుడు బొమ్మ తేలును. కావున చీర రెండు వైపులను ఇంచుమించుగ నొక్కతీరుననే యుండును. బొమ్మ యంచులు కొంచెము చెదరినట్లు కన్పట్టును. అద్దకపు చీర తిరుగవేసినచో వెనుక వెలవెలబోవును. ఫోను తెరపై ఈ రెండింటికిని భేదము తెలియదు. ఈ యదను చూచుకొని మిల్లు బట్టపై అద్దిన బొమ్మను ‘పోచంపల్లి’ యని పిలిచి యమ్ముచున్నారు. వెల చూచిన కొనుగోలుదారు నిజమైన చీర వెలను విని ‘ఇంతయేల’ యని అడుగును. ఆ ప్రశ్నకు నోటితో జవాబు చెప్పిన నమ్మరు. వీడియో జవాబు చెప్పగలదు.

ఎట్లన, ఆసు పనిని తలచుడు. అర్ధచంద్రాకారముగ నున్న మేకులకు దారమును చుట్టుటకై ఒక్క చీరకు సుమారు 9000 మార్లు చేయి యిటునటు త్రిప్పవలయును. తల్లి భుజపు నొప్పిని చూడజాలక చింతకింది మల్లేశముగారు 1999లో లక్ష్మీ ఆసు యంత్రమును నిర్మించిరి. 2017లో వారికి పద్మశ్రీ వచ్చెను. మన యిండ్లలో నిది యందఱెఱిగిన సంగతియే. అందుచేతనే ఎవరును దానిని తీయరు. చీర కట్టిన బొమ్మను నూఱు మార్లు తీయుదురు, ఆసు నొక్కమారును తీయరు. ఒక నిమిషము ఆ చేతిని చూపి, పిదప చీర తిరుగవేసి వెనుకవైపు చూపి, వెల చెప్పినచో అద్దకపు వ్యాపారి దానిని అనుకరింపజాలడు. అయితే జాగ్రత్త యొకటి కలదు: క్రొత్త నమూనా గ్రాఫు కాగితమును చూపరాదు. పని చూపుడు, లెక్క దాచుడు. నేతగాని పేరును, అతడంగీకరించినచో, తప్పక చెప్పుడు. అతని బొమ్మతో వచ్చిన గిరాకి లాభములో అతనికి భాగమెంతయో ముందే నిర్ణయించుడు. ఈ కడపటి మాట కొందఱు షాపుదారులకు రుచింపదని మే మెఱుగుదుము.

వెల విషయము. ‘వెలకై మెసేజి పెట్టుడు’ అని వ్రాయుట మాకు నచ్చదు. అంగడికి వచ్చిన గిరాకిని వెల చెప్పక నిలువబెట్టుదుమా? అట్లే చీర రంగు పగటి వెలుతురులో నొకసారి చూపుడు. గుండ్రని దీపము క్రింద ఆకుపచ్చ నీలమగును. పార్సెలు విప్పునప్పుడు ఎచటను త్రుంపక వీడియో తీసిననే వాపసు తీసికొందుమని కొనువారికి షరతు పెట్టుచున్నారు. న్యాయమే. మూటగట్టునప్పుడు అమ్మువాడును తీసి పంపుటయు న్యాయమే గదా! 2025 ఏప్రిలులో రాజమహేంద్రవరమున పచ్చళ్లమ్ము నొక వ్యాపారమువారు, వెల హెచ్చన్న కొనుగోలుదారునికి పంపిన పరుషమైన వాట్సాప్ మాట లోకమంతట ప్రాకెను. రీళ్లచే వచ్చిన పేరు ఆ రీతిగనే అపకీర్తి యయ్యెను. కావున వాట్సాపులో జవాబిచ్చు పనికి ఇంట శాంతస్వభావులను నియమించుడు.

పరులచే పొగిడించుకొనువారికి చట్టము నొకమారు జ్ఞాపకము చేయుదుము. ధనము గాని ఉచితముగ చీర గాని పుచ్చుకొని వీడియో చేయువారు అది ప్రకటన యని స్పష్టముగ చెప్పవలయునని ప్రకటనల ప్రమాణ మండలి 2021లోను, కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022లోను నియమములు చేసెను. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము క్రింద తప్పుదారి పట్టించు ప్రకటనకు 10 లక్షల రూపాయల వఱకు జరిమానా వేయవచ్చును. మరల చేసినచో 50 లక్షల వఱకు. అద్దకమును నేతయని పిలుచుట ఈ కోవలోనిదే.

ఇక లక్షల చూపుల బేరగాండ్రు. నాచారములో జాకెట్టు కుట్టువానికి విదేశమున నున్నవాడు చూచిన నేమి లాభము? ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రాముల ప్రకటనయందు దుకాణము చుట్టు ఇన్ని కిలోమీటర్లని హద్దు గీయవచ్చును. హబ్సిగూడ, మల్లాపురము, తార్నాక, రామంతాపురము, బోడుప్పల్, నాగోలు: ఇంతలోనివారు చాలును. చీరను పార్సెలుగా పంపువాని హద్దు వేరు. వచ్చిన గిరాకిని ‘మమ్ము నెచట చూచితిరి’ అని యడిగి నోటుబుక్కున వ్రాసికొనుడు. మూడు నెలలు వ్రాసినచో రీళ్ల పద్దు ఉంచవలయునో కొట్టివేయవలయునో ఆ పుస్తకమే చెప్పును.

సోదరీమణులను గూర్చి యొక మాట. మన కోడండ్రు కెమెరా యెదుట నిలుచుట పెద్దలు కొందఱికి సమ్మతము కాదు. క్రింద వ్రాయు నీచపు వ్యాఖ్యలను చూచి వారు భయపడుటలో తప్పు లేదు. కాని ఆ వ్యాఖ్యల పెట్టెను మూసివేయుటకు మీట యున్నది. ముఖము చూపకయే చేతులను, చీరను చూపుటకును వీలున్నది. మా దుఃఖ మంతయు వేఱొకటి. బట్ట నెఱిగిన అత్తగారు, కండెలు చుట్టిన చేయిగలవారు, కెమెరా వెనుక వంటయింటిలో నున్నారు. ముందర మాటలాడు బాలికకు పడుగు పేకలకు భేదము తెలియదు. వీరిద్దఱిని ఒక చాపపై కూర్చుండబెట్టుడు.

అందులకై కార్యదర్శిగారు నేడే యొక యేర్పాటు గావించిరి. భోజనానంతరము ఈ మందిరపు తూర్పు వరండాలో చేతి ఆసు నొకదానిని నిలుపుచున్నారు. దానిని త్రిప్పనేర్చిన వృద్ధమాతలు ఇద్దఱు వత్తుమని యంగీకరించిరి. ఫోనులు గల బాలబాలికలు రెండు గంటలకు అచటికి రావలెను. చార్జింగు ముందుగనే పెట్టుకొనుడు. వరండాలో ప్లగ్గు పాయింటు ఒక్కటే యున్నది.