కెరటంతో హైడ్రోజన్ వస్తుందంట, నిజమేనా మావయ్యా?

  నేను సింగపూర్‌లో కన్‌స్ట్రక్షన్ సూపర్‌వైజర్ని. చదివింది ఐటీఐ. వచ్చి పదిహేడేళ్ళయింది. సైంటిస్టుని కాదు కాబట్టి సైట్ లెక్కలాగే చెప్తాను.

పోయిన నెల మా అక్క కొడుకు ఫోన్ చేశాడు. వాడు వెల్డర్. "మావయ్యా, సింగపూర్‌లో సముద్రం నీళ్ళ నుంచి హైడ్రోజన్ తీసే ప్లాంటు వస్తోందంట. గాలిలో కార్బన్ కూడా లాగేస్తుందంట. అంతా కెరటాల కరెంటుతోనే అంట. ఏజెంటు నాలుగు లక్షలు అడుగుతున్నాడు. అమ్మ గాజులు కుదువ పెడతానంటోంది. కట్టేయమంటావా?" అన్నాడు.

వారం ఆగరా అన్నాను. ఆ వారం రాత్రిళ్ళు కూర్చుని చదివాను. చదివింది మీకూ పనికొస్తుందని ఇవాళ చెప్తున్నాను.

మాది ఉప్పాడ దగ్గర. మా అమ్మమ్మ ఇల్లున్న చోట ఇప్పుడు సముద్రం ఉంది. బండరాళ్ళు పోసినా కెరటం ఎలా లాక్కుపోతుందో చిన్నప్పటి నుంచి చూశాను. కాబట్టి కెరటానికి బలం లేదని నేననను. ఆ బలం మన చేతికి ఎంత చిక్కుతుందన్నదే ప్రశ్న.

ముందు కరెంటు సంగతి. కమ్మరి కొలిమి దగ్గర తిత్తి చూశారు కదా? దాదాపు అదే పద్ధతి. సముద్రం ఒడ్డున కాంక్రీటు గది కడతారు. దాని అడుగు నీళ్ళలోకి తెరిచి ఉంటుంది. కెరటం వస్తే లోపల నీళ్ళు లేచి గాలిని పైకి నెడతాయి, వెనక్కి పోతే గాలిని లోపలికి పీలుస్తాయి. ఆ గాలి దారిలో టర్బైన్ పెడతారు. గాలి ఎటు వీచినా ఒకే వైపు తిరిగే టర్బైన్‌ని బెల్‌ఫాస్ట్‌లో అలన్ వెల్స్ అనే ప్రొఫెసర్ కనిపెట్టాడు. దాన్ని వెల్స్ టర్బైన్ అంటారు.

ఇది మన దేశంలోనూ కట్టారు. కేరళలో విళింజం దగ్గర ఐఐటీ మద్రాసు వాళ్ళు 1991లో 150 కిలోవాట్ల ప్లాంటు నడిపారు. కాంక్రీటు కెయిసన్‌ని సముద్రంలో దించి, దాని మీద టర్బైన్ బిగించారు. కొన్నేళ్ళు నడిచి ఆగిపోయింది. స్పెయిన్‌లో ముత్రికు అనే ఊళ్ళో రేవు అడ్డుగోడలోనే పదహారు గదులు కట్టి 2011లో మొదలుపెట్టారు. కడుతుండగానే తుఫాను కెరటాలకి కొన్ని గదుల గోడలు దెబ్బతిన్నాయి. మళ్ళీ కట్టుకుని నడుపుతున్నారు.

ఇక లెక్క చూడండి. ముత్రికు కెపాసిటీ 296 కిలోవాట్లు. ఏడాదంతా ఫుల్లుగా తిరిగితే సుమారు 26 లక్షల యూనిట్లు రావాలి. కానీ 2011 నుంచి 2020 దాకా మొత్తం కలిపి వచ్చింది 20 లక్షల యూనిట్ల చిల్లర. కెరటం రోజూ ఒకేలా రాదు. ఉప్పుకి ఇనుము తుప్పు పడుతుంది, రిపేరుకి వెళ్దామంటే సముద్రం ఊరుకోదు. పైగా మన తీరంలో కెరటాల బలం సగటున మీటరుకి 5 నుంచి 15 కిలోవాట్లు. స్కాట్లాండ్, ఐర్లాండ్ పడమటి తీరాల్లో 40 దాటుతుంది.

ఇప్పుడు హైడ్రోజన్. నీళ్ళలోకి కరెంటు పంపితే హైడ్రోజన్, ఆక్సిజన్ విడిపోతాయి. కిలో హైడ్రోజన్‌కి 50 యూనిట్ల పైనే పడుతుంది. అంటే ముత్రికులో ఎనిమిదేళ్ళకి పైగా వచ్చిన కరెంటు మొత్తం పెట్టినా వచ్చేది సుమారు 40 టన్నులు.

మావాడు చెప్పిన ప్లాంటు అబద్ధం కాదు. ఈక్వాటిక్ అనే అమెరికా కంపెనీ, సింగపూర్ నీటి సంస్థ పీయూబీ కలిసి 2024లో ప్రకటించాయి. చోటు టువాస్. ప్లాను ప్రకారం రోజుకి 10 టన్నుల కార్బన్ డయాక్సైడ్ పట్టాలి, 300 కిలోల హైడ్రోజన్ రావాలి. ముత్రికు కరెంటుతో వచ్చే ఆ 40 టన్నులు దీనికి నాలుగున్నర నెలల పని.

కార్బన్ ఎలా పడుతుందంటారా? ఇది మన పనివాళ్ళకి ఇట్టే అర్థమవుతుంది. గోడకి తడి సున్నం వేస్తే కొన్నాళ్ళకి గట్టిపడుతుంది కదా. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుని రాయిలా మారడమే అది. ఇక్కడా అంతే. సముద్రం నీళ్ళలోకి కరెంటు పంపితే ఒకవైపు నీళ్ళు సున్నం తేటలా క్షారంగా మారతాయి, రెండో వైపు యాసిడ్ అవుతాయి. క్షారం నీళ్ళలోకి గాలి ఊదితే కార్బన్ డయాక్సైడ్ కొంత నీళ్ళలో కరిగి, కొంత సున్నపురాయి పొడిలా మారి ఉండిపోతుంది. యాసిడ్ నీళ్ళని రాతిపొడితో సరిచేశాకే సముద్రంలోకి వదలాలి. ఉప్పునీళ్ళు కాబట్టి మామూలు ఎలక్ట్రోడ్ పెడితే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. అది రాకుండా వీళ్ళు వేరే ఎలక్ట్రోడ్ చేశారు.

మరి కెరటాల కరెంటు? ఏజెంటు అబద్ధం అక్కడుంది. సింగపూర్‌కి చుట్టూ అడ్డుగా భూమి ఉంది, పెద్ద కెరటాలే రావు. ఇక్కడి కరెంటు సుమారు 95 శాతం గ్యాసు నుంచి వస్తుంది. గ్యాసు కరెంటు వాడితే, ఆ గ్యాసు వదిలిన కార్బన్‌ని పట్టిన కార్బన్‌లోంచి తీసేయాలి. మిగిలేదే అసలు లాభం. సముద్రం కరెంటుతో హైడ్రోజన్ తీసినవాళ్ళూ ఉన్నారు. స్కాట్లాండ్‌లో ఓర్క్నీ దీవుల్లో 2017లో తీశారు. అది ఆటుపోట్ల కరెంటు, చిన్న మోతాదు.

ఇంకో లెక్క నన్ను రెండు రోజులు నిద్రపోనివ్వలేదు. టువాస్ పోర్టు కెయిసన్లు మీలో చాలామంది చూసే ఉంటారు. పది అంతస్తుల ఎత్తు, ఒక్కోటి 15,000 టన్నులు, మొదటి ఫేజులోనే 221. అలాంటి కెయిసన్‌లో సిమెంటు సుమారు 2,000 టన్నులనుకోండి. టన్ను సిమెంటుకి 0.6 టన్నుల కార్బన్ డయాక్సైడ్ చొప్పున 1,200 టన్నులు. ఆ ప్లాంటు ఏడాదంతా నడిస్తే పట్టేది 3,650 టన్నులు. అంటే మనం పోసిన ఒక్క కెయిసన్ కడుక్కోవడానికి దానికి నాలుగు నెలలు! ఇది నా చేతి లెక్క, స్లాగ్ కలిపితే తగ్గుతుంది. ప్లాంటు పనికిరాదని కాదు. గాలిలోకి వదిలేశాక ఏరుకోవడం ఎంత కష్టమో చెప్తున్నాను.

వారం తర్వాత మావాడికి ఫోన్ చేశాను.

"ప్లాంటు నిజమేరా. కానీ రోజుకి 300 కిలోలంటే చిన్న ప్లాంటు, వేలమంది వెల్డర్లు దానికి అక్కర్లేదు. ఐపీఏ లెటర్ చూపించమను. కంపెనీ పేరు, జీతం అందులో ఉంటాయి. ఏజెంటు ఈ-మైగ్రేట్‌లో రిజిస్టర్ అయ్యాడా చూడు. మన దేశంలో చట్టం ప్రకారం ఏజెంటు ఫీజు 30,000 రూపాయలు, పైన జీఎస్టీ. నాలుగు లక్షలు ఎక్కడిది?" అన్నాను.

ఏజెంటుని అడిగితే లెటర్ తర్వాత వస్తుంది, ముందు సగం కట్టమన్నాడంట. గాజులు ఇంట్లోనే ఉన్నాయి. వాడు రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. "నువ్వు వెళ్ళావు కదా మావయ్యా, నన్ను ఆపుతున్నావేంటి" అన్నాడు. ఆ మాట గుచ్చుకుంది. నేనూ అప్పట్లో ఏ కాగితం చూడకుండా పొలం కుదువ పెట్టి వచ్చినవాణ్ణే. ఆ అప్పు తీరడానికి మూడేళ్ళు పట్టింది. అందుకే ఆపాను.

వాడికి ఇంకో మాట కూడా చెప్పాను. అనకాపల్లి జిల్లా పూడిమడకలో ఎన్‌టీపీసీ గ్రీన్ వాళ్ళ హైడ్రోజన్ హబ్‌కి 2025 జనవరి 8న ప్రధాని శంకుస్థాపన చేశారు. ప్లాను రోజుకి 1,500 టన్నులు. కరెంటు సోలార్, గాలిమరలది, కెరటాలది కాదు. అది ఎప్పుడు పూర్తవుతుందో, ఎవరికి పని వస్తుందో నేను మాటివ్వలేను. కానీ పైపు వెల్డింగ్ బాగా నేర్చి, సర్టిఫికెట్ చేతిలో పెట్టుకుంటే ఇక్కడైనా అక్కడైనా పనికొస్తుంది.

ఆ పనిలోకి వెళ్ళేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి. హైడ్రోజన్‌కి రంగు లేదు, వాసన లేదు. మంట పగలు కంటికి సరిగ్గా కనబడదు. గాలిలో 4 శాతం చేరితే చాలు, అంటుకుంటుంది. తేలిక కాబట్టి కప్పు కింద చేరుతుంది. గ్యాస్ మీటర్ పైన కూడా పెట్టి చూడండి. మీటర్ ఇవ్వకుండా లోపలికి వెళ్ళమంటే వెళ్ళకండి.

మావాడు ఇప్పుడు కాకినాడలో పైపు వెల్డింగ్ కోర్సులో చేరాడు. మొన్న ఫోన్‌లో అడిగాడు, "మావయ్యా, అమ్మమ్మ ఇల్లు తీసుకున్న కెరటం ఎప్పటికైనా మనకి కరెంటిస్తుందా?" అని. ఇవ్వొచ్చురా, కానీ దాని మీద అప్పు మాత్రం చేయకు అన్నాను.

ఉంటానండి. మీ ఊళ్ళోనూ ఇలాంటి ఏజెంట్లు తిరుగుతుంటే ఈ మాటలు వాళ్ళకి వినిపించండి. వచ్చే ఆదివారం కలుద్దాం.