అరువిచ్చిన గొంతు



టీవీలో పాత సినిమా వస్తున్నప్పుడు మనలో చాలామందిమి చూసేది తక్కువ, వినేది ఎక్కువ. టీవీ ముందు గదిలో మోగుతూ ఉంటుంది, మనం వంటింట్లో పోపు వేస్తూ ఉంటాం. అక్కణ్ణించే "ఇది జగ్గయ్యగారి సినిమా" అని చెప్పేస్తాం. తీరా కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ వచ్చి చూస్తే తెర మీద జగ్గయ్య ఉండరు, శివాజీ గణేశన్ ఉంటారు. మొహం తమిళదేశానిది, గొంతు తెనాలిది.

ఆ గొంతుగల మనిషి కొంగర జగ్గయ్యగారి గురించి ఇవాళ నాలుగు మాటలు చెప్పాలని ఉంది. నాటకం, రేడియో, సినిమా, డబ్బింగు - ఈ నాలుగింటా ఆయన పనిచేశారు. నాలుగు చోట్లా వినపడింది ఒక్క గొంతే. కాని నాలుగు చోట్లా అది ఒకేలా పనిచేస్తే చెల్లదు. ఒకచోట అలవాటైంది ఇంకోచోట మరిచిపోవాలి.

"ఆయనకేమండీ, దేవుడిచ్చిన కంచుకంఠం" అంటూ ఉంటారు. నాకా మాట పూర్తిగా నచ్చదు. ఎవరైనా వంట బాగా చేస్తే "ఆవిడ చెయ్యి మంచిదండీ" అంటాం చూడండి, అలాంటి మాటే ఇదీ. ఆ చేతి వెనక మాడిపోయిన కూరలు ఎన్నో, ఉప్పు చాలని పులుసులు ఎన్నో ఎవరూ లెక్కపెట్టరు. కంచు దేవుడే ఇచ్చాడనుకుందాం. దాన్ని ఎక్కడ గట్టిగా మోగించాలో, ఎక్కడ చేత్తో ఆపాలో నేర్చుకోవలసింది మనిషే కదా!

జగ్గయ్యగారు తెనాలి దగ్గర మోరంపూడిలో పుట్టారు. ఆ చుట్టుపక్కల నేలలో ఏముందో గాని, గుమ్మడిగారిది రావికంపాడు, సావిత్రిగారిది చిర్రావూరు, కృష్ణగారిది బుర్రిపాలెం. బండి మీద ఒక పూటలో తిరిగిరాగల దూరంలో ఇంతమంది నటులు! బళ్ళో చదివే రోజుల్లోనే జగ్గయ్యగారు లవుడి వేషం కట్టారు. గుంటూరు ఎ.సి. కాలేజీలో చదివేటప్పుడు ఎన్.టి. రామారావుగారితో కలిసి నాటకాలు ఆడారు. కొన్నాళ్ళు దుగ్గిరాలలో పాఠాలు చెప్పారు. నాటకమైనా, పాఠమైనా గొంతు చివరి వరుస దాకా వెళ్ళితీరాలి. చివరి బల్ల మీది కుర్రాడికి వినపడకపోతే పాఠం లేనట్టే, నేల మీద కూచున్న ఆఖరి మనిషికి వినపడకపోతే నాటకం లేనట్టే. గొంతు పెద్దది చెయ్యడం ఆయనకి అక్కడ వచ్చింది.

తరవాత ఢిల్లీ వెళ్ళి ఆకాశవాణిలో ఓ మూడేళ్ళు తెలుగులో వార్తలు చదివారు. సినిమా వ్యాసాల్లో ఈ మూడేళ్ళనీ ఒక్క వాక్యంలో దాటేస్తారు. నేను మాత్రం ఇక్కడ కాస్త ఆగుతాను. ఎందుకంటే ఈ మైకు ముందు కూచోవడం ఎలాంటిదో కొంచెం నాకూ తెలుసు. ఇక్కడ వేషం లేదు, రంగు లేదు, చెయ్యి ఊపితే చూసేవారు లేరు. కాగితం తిప్పిన చప్పుడు కూడా వినేవారి ఇంట్లోకి వెళ్ళిపోతుంది. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో ముందుగానే పెన్సిలుతో గీతలు పెట్టుకుంటాం.

వార్తలకైతే ఇంకో ఇబ్బంది ఉంది. మన తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది. ఢిల్లీలో ఎవరో మంత్రిగారు ఏదో బిల్లు మీద ఏదో అన్న వాక్యం నాలుగు పంక్తులు నడుస్తుంది. చివరికి వస్తేగాని "ఒప్పుకున్నారు" అంటారో "ఒప్పుకోలేదు" అంటారో తెలియదు. ఆ చివరి మాట దగ్గర చదివేవాడి ఊపిరి సన్నబడిందా, వార్తంతా బూడిదలో పోసిన పన్నీరే. అందుకని వార్తలు చదివేవారు వాక్యం మొదట్లో పొదుపు చేసి, చివరికి మిగుల్చుకుంటారు. నెల జీతం ముప్పయ్యో తారీఖు దాకా రావాలని మనం చూసుకున్నట్టే అనుకోండి. జగ్గయ్యగారి ఏ సినిమా అయినా పెట్టి కళ్ళు మూసుకుని వినండి. వాక్యం ఎంత పొడుగైనా చివరి అక్షరం మింగరు. అది నాటకం నేర్పింది కాదనీ, రేడియో నేర్పిందనీ నా నమ్మకం. గొంతు పెంచకుండానే దూరం వెళ్ళడమన్నది కూడా అక్కడే వచ్చి ఉండాలి.

సినిమాలోకి 1952లో వచ్చారు. త్రిపురనేని గోపీచంద్‌గారి "ప్రియురాలు" మొదటి చిత్రం. అది ఆడలేదు. పేరు తెచ్చింది 1955లో వచ్చిన బి.ఎన్. రెడ్డిగారి "బంగారు పాప". అందులో ఎస్.వి. రంగారావుగారు కోటయ్య. ఆ మహానటుడు తెర మీద ఉండగా పక్కవాడి మీద కన్ను నిలవడం మాటలు కాదు. జగ్గయ్యగారిది కన్నబిడ్డని తన బిడ్డ అని నలుగురిలో చెప్పుకోలేని పిరికి తండ్రి పాత్ర. అంత నిండైన గొంతున్న మనిషికి నోరు పెగలని పాత్ర! అదే ఏడాది "దొంగరాముడు"లో జమునని చేసుకునే మంచి డాక్టరు, "అర్ధాంగి"లో గారాబంతో చెడిపోయిన తమ్ముడు. ఒక్క ఏడాదిలోనే పిరికివాడు, మంచివాడు, చెడ్డవాడు.

ఆ తరవాత ఇరవై ముప్పయ్యేళ్ళు ఆయనది రెండో కుర్చీయే అని చెప్పాలి. నాయకుడిగానూ వేశారు, సావిత్రిగారి సరసన "ఎం.ఎల్.ఏ." లాంటివి ఉన్నాయి. కాని రామారావు, నాగేశ్వరరావుగార్ల నీడ పెద్దది. అన్నగానో, స్నేహితుడిగానో, భర్తగానో, ప్రతినాయకుడిగానో వచ్చారు. "పాపం, ఆయనకి రావలసిన స్థానం రాలేదు" అనేవారిని చాలామందిని విన్నాను. నేను ఒప్పుకోను. రెండో కుర్చీలోనివాడే బరువు మోసిన కథలు చాలా ఉన్నాయి.

ఉదాహరణకి "డాక్టర్ చక్రవర్తి" తీసుకుందాం. 1964లో వచ్చింది. ఆ ఏటి నుంచే మొదలైన నంది బహుమతుల్లో మొదటి బంగారు నంది దానికే దక్కింది. కథ కోడూరి కౌసల్యాదేవిగారి "చక్రభ్రమణం" నవల. ఒక ఇల్లాలు రాసిన నవల, ఇల్లాళ్ళు ఎగబడి చదివిన నవల. చనిపోయిన చెల్లెలిని స్నేహితుడి భార్యలో చూసుకుంటాడు చక్రవర్తి. లోకం దానికి వేరే పేరు పెడుతుంది. ఆ భార్య సావిత్రి, ఆ స్నేహితుడు జగ్గయ్య. ఈ కథ నిలబడేది చక్రవర్తి మంచితనం మీద కాదు, భర్త అనుమానం మీద. ఆ అనుమానం మరీ మొరటుగా ఉంటే అతను రాక్షసుడైపోతాడు, మనం విసుక్కుని లేచిపోతాం. మరీ పల్చగా ఉంటే కథే లేదు. జగ్గయ్యగారు దాన్ని గొంతులో ఉంచారు. అరవరు. మాటలు మర్యాదగానే ఉంటాయి, కింద మాత్రం ఏదో గరగర. అలా మర్యాదగా అనుమానించే మగవాళ్ళని చూసినవాళ్ళకి ఆ గొంతు వింటే ఒళ్ళు జలదరిస్తుంది. కొట్టిన దెబ్బైతే నలుగురికీ చూపించవచ్చు, ఇలాంటి గొంతుని ఎవరికి చూపిస్తాం? ఆ సినిమాలో పాటల్ని తలుచుకునేవారే అందరూ. నాకు మాత్రం ఆ భర్త గొంతే ముందు గుర్తొస్తుంది.

ఇక డబ్బింగు. తెలుగులో డబ్బింగు సినిమాలు 1950లో వచ్చిన "ఆహుతి"తో మొదలయ్యాయి. మాటలూ పాటలూ రాసింది శ్రీశ్రీగారు. అంతటి కవి ఆ పని ఎందుకు చేశాడని ముక్కున వేలేసుకోనక్కర లేదు, అది కవులు చెయ్యదగ్గంత కష్టమైన పనే. ఆ రోజుల్లో ఫిల్ము ముక్కని చుట్టలా అతికి తెర మీద తిప్పేవారు. దాన్ని లూప్ అనేవారు. అదే దృశ్యం మళ్ళీ మళ్ళీ వచ్చేది. చెప్పేవాడు ఆ పెదవుల్నే చూస్తూ, అవి తెరుచుకున్నప్పుడు తెరిచి, మూసుకున్నప్పుడు ముయ్యాలి. ప, బ, మ - ఇవి పెదవులు కలవందే పలకవు. తమిళంలో "వేండుం" అని పెదవులు మూసుకుని ముగిస్తారు, తెలుగులో అదే మాట "కావాలి" అని నోరు తెరుచుకునే ముగుస్తుంది. మనది మాట చివర అచ్చు పలికే భాష, వాళ్ళది చాలా చోట్ల హల్లు మీద ఆగే భాష. అక్కడ రచయిత వాక్యాన్ని అటూ ఇటూ తిప్పి సరిపడే మాట వెతకాలి. నటుడు దానికి ప్రాణం పొయ్యాలి, అదీ మైకు ముందు కదలకుండా నిలబడి.

ఇప్పుడు శివాజీగారిని తలుచుకోండి. చిత్రంగా ఆయనా 1952లోనే "పరాశక్తి"తో సినిమాకి వచ్చారు, ఆయనదీ నాటకాల బడే. కాని ఇద్దరి తీరూ వేరు. శివాజీగారు ఒక్క ఊపిరిలో గుసగుస నుంచి ఉరుము దాకా వెళతారు, కన్నీళ్ళొస్తే ఒళ్ళంతా ఏడుస్తుంది. జగ్గయ్యగారిది అణిచిపెట్టుకునే పద్ధతి. తన పాత్రల్లో తను ఎక్కడ ఆగుతారో అక్కడ ఆగకుండా, ఆ తమిళ నటుడు ఎంత దూరం వెళితే అంత దూరం వెళ్ళాలి. తన నటన తీసి గూట్లో పెట్టి, ఇంకొకరి నటనని గొంతులోకి తెచ్చుకోవాలి. పైగా, గొంతు అందరికీ తెలిసిందే. "ఇది జగ్గయ్యే" అని ప్రేక్షకుడు నవ్వితే శివాజీ చెడిపోతాడు. అలా ఎవరూ నవ్వలేదు. రెండు నిమిషాల్లో గొంతు సంగతి మరిచిపోయి శివాజీతో కలిసి ఏడ్చారు. నా దృష్టిలో ఆయన నటనకి ఇంతకన్న పెద్ద కితాబు లేదు. తెర మీద తను లేడు, చప్పట్లు ఇంకొకరికి. డబ్బింగు చెప్పినవారి పేరు తెర మీద పడడం కూడా అరుదే. ఈ సంగతి మనకి ఎవరూ విడమరిచి చెప్పనక్కర లేదు లెండి, పండగ పూట వడ్డించి లోపలికి వెళ్ళిపోయేవాళ్ళం మనమే కదా.

1974లో "అల్లూరి సీతారామరాజు" వచ్చింది. రూథర్‌ఫర్డ్ దొరగా జగ్గయ్యగారు వేశారు. మన సినిమాల్లో తెల్లదొరలంటే వంకర తెలుగు మాట్లాడే బొమ్మలు ఎక్కువ. ఈయన దొరకి దొర మర్యాద ఇచ్చారు, అందుకే ఎదుట నిలబడ్డ రాజు ఎత్తు పెరిగింది. ఆ రాజూ ఈ దొరా ఇద్దరూ తెనాలి పక్కవాళ్ళేనని తలుచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది.

మిగిలినవి త్వరగా చెప్పేస్తాను. 1962లో ఉప్పు సత్యాగ్రహం కథతో "పదండి ముందుకు" సినిమా తీశారు. 1967లో కాంగ్రెసు తరఫున ఒంగోలు నుంచి లోక్‌సభకి గెలిచారు. సినిమా నటులు పార్లమెంటుకి వెళ్ళడం ఇంకా వింతగా ఉన్న రోజులవి. కళావాచస్పతి అన్న బిరుదు పేరుతో కలిసిపోయింది. 1992లో పద్మభూషణ్ ఇచ్చారు.

రాజకీయాల కంటె నాకు ఆసక్తిగా అనిపించేది ఆయన పుస్తకాల పని. రవీంద్రుడి గీతాంజలిని "రవీంద్ర గీత" అని తెలుగులోకి తెచ్చారు. ఆత్రేయగారు పోయిన తరవాత ఆయన రచనల్ని సంపుటాలుగా అచ్చువేయించడంలో పెద్ద చెయ్యి ఈయనదే. జీవితమంతా ఇంకొకరు రాసిన మాటలు పలికిన మనిషి, పెద్దవయసులో ఆ మాటలు పోకుండా కాగితం మీద పెట్టించడానికి తిరిగారన్నమాట. పేరున్న నటులు ఇలాంటి చాకిరీకి పూనుకోవడం అరుదు.

2004 మార్చి 5న చెన్నైలో కన్నుమూశారు.

పాత పుస్తకాల కొట్లో ఎప్పుడైనా "రవీంద్ర గీత" కనబడితే వదలకండి. ఇంటికి తెచ్చి, పిల్లల్ని పక్కన కూచోబెట్టుకుని, ఒక పేజీ పైకి చదవండి. ఆ మాటలు గొంతు తెలిసిన మనిషి కూర్చినవి, చదివేవారికి ఊపిరి ఎక్కడ కావాలో అక్కడే ఆగుతాయి.

సెలవు.